ఇది పిల్లేనా?

తెర మీద వరసగా బొమ్మలు. పైన ఒక మాట, దాని అర్థం. ఆ వస్తువు ఏ బొమ్మలో ఉందో నొక్కాలి. 167 దేశాల్లో దాదాపు 49 వేల మంది ఇళ్లలో కూర్చుని ఈ పని చేశారు. చేతికందేది చిల్లర డబ్బులే. పిల్లిని పిల్లి అని సాక్ష్యం చెప్పింది వాళ్లే.

ఈ పని తలపెట్టింది ఫే-ఫే లీ. 2007లో ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరారు. అప్పట్లో 'పిల్లి' అని వెతికితే యంత్రం బొమ్మను చూసేది కాదు, దాని పక్కనున్న రాతను చదివేది. వచ్చిన వందలో పనికొచ్చేవి పట్టుమని పదే. తోటివాళ్లు సూత్రాలకు మెరుగులు దిద్దుతుంటే, లీ పసిపిల్లల గురించి ఆలోచించారు. బిడ్డకు చూడటం ఎవరూ నేర్పరు, చూసి చూసి తనే పోల్చుకుంటుంది. యంత్రానికీ అన్ని బొమ్మలు చూపించాలి. ఇంగ్లిష్ మాటలను అర్థాల చెట్టుగా అల్లిన 'వర్డ్‌నెట్' పుట్టింది ప్రిన్‌స్టన్‌లోనే. అందులోని ప్రతి నామవాచకానికీ వందల బొమ్మలు చేర్చాలనుకున్నారు. పేరు ఇమేజ్‌నెట్.

ఉద్యోగం స్థిరపడాలంటే ఇంకేదైనా చేసుకొమ్మని హితవు చెప్పారు కొందరు. గంటల లెక్కన విద్యార్థులను పెడితే ఏళ్లూ పూళ్లూ పట్టేలా ఉంది. అప్పుడే ఓ విద్యార్థి అమెజాన్ 'మెకానికల్ టర్క్' సంగతి చెవిన వేశాడు. ఇంటర్నెట్‌లో ఎవరైనా చిన్న పనులు చేసిపెట్టే సంత అది.

అయినా చిక్కే. 'పిల్లి' అంటే అందరిదీ ఒకే మాట. 'బర్మీస్ పిల్లి' అనగానే తలో మాట. అందుకని ఎంతమంది ఔనంటే నమ్మవచ్చో ఒక్కో మాటకు విడివిడిగా లెక్క కట్టారు లీ, ఆమె శిష్యుడు జియా డెంగ్. నాకు ఈ గాథలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఓపికే. బొమ్మల కోసం చైనీస్, స్పానిష్, డచ్, ఇటాలియన్ మాటలతోనూ వెతికారు. ఆ వరసలో తెలుగు లేకపోవడం మాత్రం మనసుకు కష్టంగా ఉంటుంది.

2009లో మయామీ సదస్సులో 32 లక్షల బొమ్మలను లోకం ముందు పెట్టారు. దక్కింది వేదిక కాదు, ఒక పోస్టరు.

2012లో, ఇమేజ్‌నెట్ బొమ్మలను ఏ యంత్రం బాగా గుర్తుపడుతుందో తేల్చే పోటీ. టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ అనే విద్యార్థి తల్లిదండ్రుల ఇంట్లో తన గదిలోనే, రెండు గ్రాఫిక్స్ కార్డులతో 12 లక్షల బొమ్మలు యంత్రానికి చూపించాడు. బొమ్మకు ఐదు ఊహల చొప్పున అవకాశం ఇస్తే తప్పులు 15.3 శాతం. రెండో స్థానం వాళ్లవి 26.2.

ఫలితాలు చెప్పేది ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో. ఇంట్లో చంటిబిడ్డ. వెళ్లకూడదనే అనుకున్నారు లీ. ఆ అంకె చూశాక, చివరి నిమిషంలో టికెట్ కొనుక్కుని విమానమెక్కారు.