ఓటు లేని చోట అర్జీ: సింగపూర్‌లో ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, ఎక్కడ ఆగాలి

2008లో సెరంగూన్ గార్డెన్స్ ప్రాంతంలో మూతపడ్డ ఒక పాత టెక్నికల్ స్కూల్‌ను విదేశీ కార్మికుల డార్మిటరీగా మార్చాలని ప్రభుత్వం అనుకుంది. ఆ సంగతి తెలియగానే చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వద్దంటూ అర్జీ రాశారు. వెయ్యికి పైగా సంతకాలు పడ్డాయి. ప్రభుత్వం డార్మిటరీని ఆపలేదు కానీ చిన్నది చేసింది. సుమారు 600 మందికే పరిమితం చేసి, కార్మికులు ఇళ్ల మధ్యనుంచి నడవకుండా వేరే రోడ్డు వేసింది.

ఈ కథ ముందుగా చెప్పడానికి కారణం ఉంది. సింగపూర్‌లో పౌరుల అర్జీలకు ఎంతోకొంత ఫలితం ఉంటుంది. అవి కొన్నిసార్లు మనకు వ్యతిరేకంగా, కొన్నిసార్లు మన కోసం నడుస్తాయి. ఓటు లేని మీరు ఆ అర్జీలకు ఏం ఇవ్వగలరు, మీ సొంత సమస్యకు ఏ తలుపు తట్టాలి, ఏ గీత దాటకూడదు అన్నవి ఈ వ్యాసంలో ఒక్కొక్కటిగా చూద్దాం.

మన కోసం నడిచిన అర్జీ: లారీ ప్రయాణం

సింగపూర్ రోడ్డు చట్టం ప్రకారం సరుకుల లారీ వెనక మనుషుల్ని ఎక్కించకూడదు. పనిచేసే చోటికి కార్మికుల్ని తీసుకెళ్లడానికి మాత్రం మినహాయింపు ఉంది. పొద్దున్నే చీకట్లో మీరు లారీ ఎక్కేది ఆ మినహాయింపు మీదే.

2021 ఏప్రిల్ 20న పాన్ ఐలాండ్ ఎక్స్‌ప్రెస్‌వే మీద కార్మికుల లారీ ఆగి ఉన్న టిప్పర్‌ను గుద్దింది. ఇద్దరు చనిపోయారు. ఒకరు బంగ్లాదేశ్ వాడు, ఒకరు మన దేశం వాడు. ఆ తర్వాత సింగపూర్ పౌరులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. ఎంపీ లూయిస్ ఇంగ్ పార్లమెంటులో ఈ ప్రశ్నను పదేపదే లేవనెత్తారు. 2023 జూలైలో మళ్లీ ప్రమాదాలు జరిగినప్పుడు 40కి పైగా సంస్థలు కలిసి, లారీల్లో మనుషుల్ని తీసుకెళ్లడం ఆపాలని ప్రకటన ఇచ్చాయి. అలా ఆపడం కష్టమని వ్యాపార సంఘాలు ఎదురు ప్రకటన చేశాయి. నిషేధం పెడితే చిన్న కంపెనీలు మూతపడతాయని, ఇళ్లు, రైలు మార్గాల నిర్మాణం ఆలస్యమవుతుందని, ఖర్చులు పెరుగుతాయని ఆ ఆగస్టు మొదట్లో ప్రభుత్వం జవాబిచ్చింది.

అంటే నిషేధం రాలేదు. అలాగని ఏమీ రాలేదని కూడా కాదు. 2023 జనవరి 1 నుంచి లారీలో వానకు తడవకుండా కప్పు ఉండాలి. డ్రైవర్ మత్తులోకి జారకుండా చూసే తోడు మనిషి ఉండాలి. పనిచేసి అలిసిన డ్రైవర్‌కు బండి తీసే ముందు విశ్రాంతి ఇవ్వాలి. లారీలకు వేగాన్ని కట్టడి చేసే పరికరాలు కూడా విడతలవారీగా పెట్టిస్తున్నారు. అడిగింది పూర్తిగా దక్కకపోయినా అడిగినందువల్ల ఇవి వేగంగా కదిలాయి.

ఈ నియమాలు మీ లారీలో అమలు కాకపోతే ఆ సంగతి బయటికి చెప్పగలిగేది మీరే. తోడు మనిషి లేడు, కప్పు చిరిగింది, పన్నెండు గంటల డ్యూటీ చేసిన వాడే బండి నడుపుతున్నాడు అన్న వివరాలు ఏ ఎంపీకీ ఆఫీసులో కూర్చుంటే తెలియవు.

పౌరుల అర్జీలు ఎలా నడుస్తాయి

బ్రిటన్‌లో పార్లమెంటు వెబ్‌సైట్‌లో పెట్టిన అర్జీకి 10,000 సంతకాలు వస్తే ప్రభుత్వం జవాబు ఇస్తుంది. లక్ష దాటితే చర్చకు పరిశీలిస్తారు. సింగపూర్‌లో అలాంటి లెక్క లేదు. ఆన్‌లైన్ అర్జీకి ఎన్ని వేల సంతకాలు వచ్చినా జవాబిచ్చి తీరాలన్న నియమం లేదు.

పార్లమెంటుకు నేరుగా పెట్టే అర్జీకి వేరే పద్ధతి ఉంది. దాన్ని ఒక ఎంపీ సభలో సమర్పించాలి. తర్వాత అర్జీల కమిటీ పరిశీలిస్తుంది. దీనికి వేల సంతకాలు అక్కర్లేదు. 2017లో పెళ్లికాని ఒంటరి తల్లిదండ్రులు ఏడుగురు ప్రభుత్వ ఇళ్ల నిబంధనల మీద పెట్టిన అర్జీని లూయిస్ ఇంగ్ ఇలాగే సమర్పించారు.

పర్యావరణం విషయంలో తరచూ చెప్పే ఉదాహరణ పులావ్ ఉబిన్ దీవిలోని చెక్ జావా తీరం. 2001లో ఆ తీరాన్ని మట్టితో పూడ్చే పనికి అంతా సిద్ధమైంది. ప్రకృతి ప్రేమికులు ఉత్తరాలు రాశారు. అంతటితో ఆగకుండా సముద్రం వెనక్కి తగ్గిన వేళల్లో వలంటీర్లు బురదలో దిగి, అక్కడున్న జీవుల్ని లెక్కపెట్టి, నివేదిక తయారుచేసి ఇచ్చారు. ఆ పని వాయిదా పడింది. 2007లో అక్కడ జనం నడిచి చూసేందుకు వంతెన కట్టారు. ఆదివారం ఉబిన్ వెళ్లిన మన వాళ్లు ఫోటోలు దిగేది ఆ వంతెన మీదే. కోపంతో రాసిన వంద ఉత్తరాల కన్నా లెక్కతో రాసిన ఒక నివేదిక ఎక్కువ పనిచేస్తుందని ఆ తీరం చెబుతుంది.

మీ సొంత సమస్యకు ఏ తలుపు

నిబంధనే మారాలని అడగడం ఒకటి. ఉన్న నిబంధన మీకు అమలు కావడం లేదని చెప్పడం ఇంకొకటి. రెండో దానికి సంతకాలు అక్కర్లేదు, మీరు ఒక్కరే చాలు.

జీతం, ఓవర్‌టైమ్: టీఏడీఎం దగ్గర క్లెయిమ్ వేయాలి. ఇంకా అదే పనిలో ఉంటే బాకీ పడిన నాటి నుంచి ఏడాదిలోపు, పని మానేస్తే చివరి రోజు నుంచి 6 నెలల్లోపు వేయాలి. మొదట రాజీ ప్రయత్నం జరుగుతుంది. కుదరకపోతే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. 2016 ఏప్రిల్ నుంచి పేస్లిప్ ఇవ్వడం కంపెనీకి తప్పనిసరి. ఇవ్వకపోతే అది కూడా ఫిర్యాదే.

డార్మిటరీ: ఏడు, అంతకు మించి పడకలున్న డార్మిటరీలన్నీ 2023 ఏప్రిల్ 1 నుంచి లైసెన్స్ చట్టం కిందికి వచ్చాయి. నీళ్లు, మరుగుదొడ్లు, కిక్కిరిసిన గదుల గురించి ముందు ఆపరేటర్‌కు రాయండి. కదలిక లేకపోతే ఎఫ్‌డబ్ల్యూఎంఓఎం కేర్ యాప్‌లో మానవ వనరుల శాఖకు, అంటే ఎంఓఎంకు, తెలపండి.

దోమలు, చెత్త, విరిగిన ఫుట్‌పాత్, వెలగని వీధి దీపం: ప్రభుత్వ ఇళ్ల పేటల్ని టౌన్ కౌన్సిళ్లు చూస్తాయి. ఏది ఎవరి పరిధో మీకు తెలియక్కర్లేదు. వన్‌సర్వీస్ యాప్‌లో ఫోటో, చోటు పెడితే సంబంధించిన శాఖకు వెళ్తుంది. డార్మిటరీ పక్క కాలువలో నీళ్లు నిలిచి డెంగీ భయం ఉంటే ఇదే దారి.

ఎటు వెళ్లాలో తెలియకపోతే మైగ్రెంట్ వర్కర్స్ సెంటర్ హెల్ప్‌లైన్ 6536 2692కు ఫోన్ చేయండి. టీడబ్ల్యూసీ2, హోమ్ అనే స్వచ్ఛంద సంస్థలు కూడా కేసు విని దారి చూపిస్తాయి. పెద్ద అర్జీలు రాసేది చాలాసార్లు ఇలాంటి సంస్థలే. మీరు చెప్పిన వివరం మీ పేరు లేకుండానే రేపు ఒక ఎంపీ ప్రశ్నగా మారవచ్చు.

దాటకూడని గీత

ఇక్కడ జాగ్రత్తగా చదవండి. సింగపూర్‌లో పర్మిట్ లేకుండా గుంపుగా నిలబడి డిమాండ్ చేయడం నేరం. చట్టం దృష్టిలో ప్లకార్డు పట్టుకుని ఒక్కడు నిలబడినా అది సభే. హాంగ్ లిమ్ పార్క్‌లోని స్పీకర్స్ కార్నర్ నిరసనలు కూడా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాళ్లు చూడ్డానికి కూడా ఆ గుంపులో ఉండొద్దు.

2012 నవంబరులో చైనా నుంచి వచ్చిన బస్సు డ్రైవర్లు 171 మంది జీతాల తేడా, హాస్టల్ పరిస్థితుల మీద పనికి వెళ్లలేదు. ఐదుగురు జైలుకు వెళ్లారు. 29 మందిని స్వదేశానికి పంపేశారు. వాళ్ల బాధ నిజమే. హాస్టల్ విషయంలో ఇంకా బాగా చేయాల్సిందని తర్వాత కంపెనీ కూడా ఒప్పుకుంది. కానీ ఆ మాట వచ్చేసరికి వాళ్లలో కొందరు ఇక్కడ లేరు. అత్యవసర సేవల్లో ముందుగా నోటీసు ఇవ్వకుండా పని ఆపడం చట్టవిరుద్ధం.

అందుకే కోపం వచ్చిన రోజున పది మందిని పోగేసి ఆఫీసు ముందు నిలబడకండి. అదే పది మంది పది ఫిర్యాదులు వేయండి. పదీ చట్టబద్ధమే, పైగా విడివిడిగా వచ్చిన పది ఫిర్యాదులు ఒకే మాట చెబితే అధికారి దాన్ని పక్కన పెట్టడం కష్టం.

ఫిర్యాదు చేస్తే పర్మిట్ రద్దు చేసి పంపేస్తారన్న భయం అందరికీ ఉంటుంది. కంపెనీ పర్మిట్ రద్దు చేయగలదన్నది నిజం. క్లెయిమ్ నడుస్తున్నంత కాలం ఇక్కడ ఉండటానికి ఎంఓఎం స్పెషల్ పాస్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది. కాబట్టి టికెట్ చేతిలో పెట్టేదాకా ఆగకుండా ముందే క్లెయిమ్ వేయండి. మీ పాస్‌పోర్ట్ మీ దగ్గరే ఉండాలి, కంపెనీ దాన్ని అట్టిపెట్టుకోకూడదు.

రాసేటప్పుడు

ఒక ఫిర్యాదులో ఒకే సమస్య రాయండి. తేదీ, టైమ్, చోటు, లారీ నంబరు లేదా గది నంబరు వేయండి. ఎన్నాళ్లుగా ఉంది, ముందు ఎవరికి చెప్పారు, వాళ్లేమన్నారు అన్నది ఉండాలి. ఏం కావాలో చివర ఒక్క వాక్యంలో చెప్పండి. తిట్లు, ఊహలు, విన్న కబుర్లు వద్దు. మచ్చుకు ఇలా:

"మా గదిలో 16 మందిమి ఉంటున్నాం. మా అంతస్తులో రెండు మరుగుదొడ్లు మూడు వారాలుగా పనిచేయడం లేదు. 4వ తేదీన, 11వ తేదీన ఆపరేటర్ ఆఫీసులో చెప్పాం. బాగుచేస్తామన్నారు, చేయలేదు. ఫోటోలు జత చేశాను. వారంలోపు బాగుచేయించమని కోరుతున్నాను."

ఇంగ్లిష్ రాకపోతే ముందు తెలుగులో రాసుకోండి. తర్వాత తెలిసినవాళ్లతో మార్పించుకుని, వాళ్లు రాసింది మళ్లీ తెలుగులో చెప్పించుకుని విన్నాకే పంపండి. చదవని కాగితం మీద, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టవద్దు. పంపిన ప్రతిదానికీ స్క్రీన్‌షాట్, రిఫరెన్స్ నంబరు దాచుకోండి, ఇంటికి కూడా ఒక కాపీ పంపండి.

ఊళ్లో ఉన్న కుటుంబాలకు

మీ వాడు ఫోన్ ఎత్తకపోయినా, ఆసుపత్రిలో ఉన్నా, జీతం ఆగినా మీరూ అర్జీ పెట్టవచ్చు. విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కుటుంబసభ్యులు ఫిర్యాదు నమోదు చేస్తే అది సింగపూర్‌లోని భారత హైకమిషన్‌కు చేరుతుంది. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్ ప్రజావాణి, హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. పాస్‌పోర్ట్ కాపీ, వర్క్ పర్మిట్ నంబరు, కంపెనీ పేరు, డార్మిటరీ అడ్రస్ ఈ రోజే ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోండి. ఆపద వచ్చిన రోజున వెతికితే దొరకవు.

ఊళ్ల నుంచి వెళ్లే అర్జీలకూ ఫలితం ఉంటుంది. గల్ఫ్‌లో చనిపోయిన వారి కుటుంబాలు, కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి అడిగాక 2024 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం 5 లక్షల రూపాయల సాయానికి ఉత్తర్వులిచ్చింది. అది గల్ఫ్ దేశాల్లో మరణించిన వారికి ఉద్దేశించింది. సింగపూర్‌లో పనిచేసే వారి కుటుంబాలకూ వర్తింపజేయమని అడగడానికి ఏ అడ్డూ లేదు. ఇక్కడ మీకు ఓటు లేదు, ఊళ్లో మీ వాళ్లకు ఉంది. ఆ అర్జీ అక్కడి నుంచే మొదలుకావాలి.