చట్రం మీద చివరి అంచు

బ్రిటన్‌లో ఉత్తరాన డర్హమ్, పడమరన దక్షిణ వేల్స్. రెండూ బొగ్గు సీమలే. మగవాళ్లు గనిలోకి దిగాక, ఆడవాళ్లు ఇంట్లో చట్రం బిగించి క్విల్టులు కుట్టేవారు. మన బొంతకు చుట్టమే గానీ, పాత గుడ్డల పేలికలతో చేసే పని మాత్రం కాదు. నున్నటి సాటీను ఒకే రంగుది పైన పరిచి, నడుమ దూదో ఉన్నో పెట్టి, మూడు పొరలనూ కలిపే సన్నటి కుట్టు. అందమంతా ఆ కుట్టుదే.

చట్రమంటే రెండు పొడవాటి కర్రలు, వాటిని ఎడంగా పట్టి ఉంచే రెండు బద్దలు. అడుగు గుడ్డ చివర్లను రెండు కర్రలకూ కుట్టి, మిగతాదంతా అవతలి కర్రకు చుట్టేస్తారు. కుట్టే మనిషికి కనబడేది చెయ్యి చాచినంత మేరే. అది కుట్టాక ఇవతలి కర్రకు చుట్టుకుని, అవతలి నుంచి ఇంకొంచెం వదులుకోవాలి. చుట్టుకుపోయిన పని మళ్లీ పూర్తిగా కళ్లబడేది క్విల్టు చట్రం దిగిన రోజే.

అందుకే ఇందులో కుట్టు కన్నా వరుస కష్టం. మొదట ఇవతలి అంచు, దాని రెండు మూలలతో సహా. ఆ తర్వాత ప్రతి మేరలోనూ ఎడమ అంచు కొంత, నడుమ పువ్వు కొంత, కుడి అంచు కొంత. పువ్వు సగమే పడిందనుకోండి, మిగతా సగం ఎక్కడ మూతబడాలో ముందే తెలిసి ఉండాలి. అన్నిటికన్నా ఆఖరున అవతలి అంచు. మెలికలు తిరిగే తాడు అంచయితే మరీ చిక్కు. పక్కన ఎన్ని మెలికలు పడతాయో మొదటి మూల దగ్గరే లెక్క కట్టుకోవాలి. లేకపోతే చివరి మూలకు చేరేసరికి సగం మెలిక మిగిలిపోతుంది. వాకిలంతా చూడకుండా గడప దగ్గర మొదలెట్టి జానెడు జానెడుగా పెద్ద ముగ్గు వేసుకుపోవడం లాంటి పని ఇది.

ఈ లెక్క తేలనివాళ్ల కోసం గీతలు గీసిపెట్టే వాళ్లుండేవారు. నార్తంబర్లండ్‌లో ఆలెన్‌హెడ్స్ దగ్గర దుకాణం నడిపిన జార్జ్ గార్డినర్, పైగుడ్డ మీద నీలి పెన్సిలుతో నమూనా అంతా గీసి ఇచ్చేవాడు. ఆయన దగ్గర పని నేర్చిన ఎలిజబెత్ శాండర్సన్ ఆ విద్యను తర్వాతి తరానికి అందించింది. డర్హమ్ ఊళ్లలో మాత్రం చాలామంది అట్టముక్క ఆనించి, సూది మొనతో గుడ్డ మీద నొక్కుగీత గీసుకుని, ఆ గీత చెరిగేలోపే కుట్టేసేవారు. మొత్తం నమూనా ఉన్నది వాళ్ల తలలోనే.

గనిలో భర్తను పోగొట్టుకున్న ఇల్లాలికి చాలాచోట్ల ఇదే కూడు. క్విల్టు క్లబ్బని ఒక రకం చీటీ నడిపేది. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు వారం వారం ఇంతని కడితే, ఆ డబ్బుతో గుడ్డ కొని ఒక్కొక్కరికీ వరసగా కుట్టి ఇచ్చేది. కట్టేదంతా గని జీతమే.

ఆ జీతానికే 1926లో దెబ్బ తగిలింది. యజమానులు కూలి తగ్గిస్తామన్నారు. ఒప్పుకోని కార్మికులను మే నెలలో గనుల బయటే నిలబెట్టేశారు. వాళ్లకు తోడుగా దేశమంతా చేసిన సమ్మె తొమ్మిది రోజుల్లో ముగిసింది. గనివాళ్లు శీతాకాలం దాకా ఓర్చి, చివరికి ఆకలికి ఓడి తక్కువ కూలికే దిగారు. ఆ ఇళ్లకిక వారం వాయిదా కట్టే తాహతు లేదు.

1928లో ఆదుకోవడానికి పల్లె పరిశ్రమల సంస్థ రూరల్ ఇండస్ట్రీస్ బ్యూరో వచ్చింది. దాని తరఫున మేవిస్ ఫిట్జ్‌రాండాల్ఫ్ ఊరూరా తిరిగి కుట్టేవాళ్లను వెతికింది. లండన్‌లో మ్యూరియల్ రోజ్ తన లిటిల్ గ్యాలరీలో ఆ క్విల్టులను డబ్బున్నవాళ్ల కళ్లబడేలా పెట్టింది. క్లారిడ్జెస్ హోటలు కొత్త భాగం కట్టుకున్నప్పుడు దాని పడకల మీదికి క్విల్టులు ఈ బొగ్గు ఊళ్ల నుంచే వెళ్లాయి. కూలి గది లోపల కుట్టినది జమీందార్లు దిగే గదికి చేరింది!

ఆ ఇద్దరు ఆడవాళ్ల మంచితనాన్ని నేను శంకించను. కానీ అంతవరకూ కొనే మనిషి పక్కింటిది. తన క్విల్టు ఎంతవరకు వచ్చిందో వచ్చి చూసిపోగలిగేది. ఇప్పుడు ఆధారమంతా లండన్ సంపన్నుల మోజు మీద. ఆ ఒక్క తలుపు మూసుకుంటే తట్టడానికి రెండో గుమ్మం లేదు. పక్కింటి కొనుగోలు అప్పటికే చచ్చిపోయింది కదా.

1939 సెప్టెంబరులో యుద్ధం వచ్చింది, ఆ తలుపు మూసుకుంది. 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషను కూపన్లు. సాటీను మాట దేవుడెరుగు, ఒంటికి చాలినంత గుడ్డే కరువు. డర్హమ్ జిల్లా ఐక్లిఫ్‌లో తూటాల ఫ్యాక్టరీ తెరిస్తే వేలాది ఆడవాళ్లు అక్కడికి కదిలారు. ప్రాణానికి ముప్పున్న పనే, కానీ వారానికింతని చేతికి జీతం. యుద్ధం ముగిశాక చట్రం ముందు మళ్లీ కూర్చోమని కూతుళ్లకు ఏ తల్లి చెప్పగలదు? 1954లో ఫిట్జ్‌రాండాల్ఫ్ ఈ కళ మీద పుస్తకం తెచ్చింది. అందులో నమూనాలున్నాయి, పద్ధతులున్నాయి, ముసలివాళ్ల జ్ఞాపకాలున్నాయి. కొత్తగా నేర్చుకునే పిల్లలే కరువయ్యారు.

చట్రం మాత్రం చావలేదు. ఇప్పుడు అమెరికాలో లాంగ్‌ఆర్మ్ అనే పొడవు మెడ కుట్టుమిషను, అలాంటి చుట్టుకర్రల మీదే నడుస్తుంది. అదే చిక్కు: ఒక్కసారికి మిషను అందుకునేది ఒక పట్టీ మేరే. కొందరు పై అంచుతో మొదలుపెట్టి, పక్క అంచులను నడుమ భాగంతో కలిపి కుట్టుకుంటూ కిందికి దిగుతారు. కొందరు నడుమంతా ముందు ముగించి, అంచులకు కచ్చా కుట్టు మాత్రమే వేసి, తర్వాత క్విల్టును విప్పి అడ్డంగా తిప్పి బిగించి పక్క అంచులను పొడవునా ఒకేసారి లాగిస్తారు. కచ్చా కుట్టు వెయ్యడం మరిస్తే గుడ్డలోని వదులంతా అంచుకు తోసుకొచ్చి అలలు అలలుగా లేస్తుంది. ఎన్ని మెలికలు పడతాయన్న లెక్క కంప్యూటరు చూసుకుంటుంది. కూలి చదరపు అంగుళానికి ఇంతని. అంచు నమూనా నాలుగు మూలలూ తిరిగేలా విడిగా కుట్టమంటే రేటు పెరుగుతుంది.