డాలరు బిల్లు, రూపాయి కూలి

మార్చి 31. గుంటూరు–నంద్యాల లైన్లో తర్లుపాడు స్టేషన్లో దిగి పలకల ఫ్యాక్టరీకి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. షెడ్డులో ఒకాయన రాతి అంచున ఉలి పెట్టి సుత్తితో మెల్లగా తడుతున్నాడు. నల్లరాయి పొరలుపొరలుగా విడిపోతోంది. అవతల కటింగ్ మిషన్ మోగగానే దుమ్ము లేచింది, మీరు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఈ దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పాడైనవాళ్లు మార్కాపురం చుట్టుపక్కల ఎందరో ఉన్నారు. ఒకప్పుడు పిల్లలు అఆలు దిద్దిన పలక ఈ రాయే. ఇప్పుడు నేలకీ గోడకీ వేసే టైల్సుగా ఓడెక్కి పోతోంది.

ఆఫీసు గదిలో లెక్కలు చూసే అమ్మాయి కంప్యూటర్లో ట్యాలీ తెరిచి కూర్చుంది. ఎదురుగా ఫ్యాక్టరీ యజమాని.

"బాబాయ్, బిల్లు రూపాయల్లోనే ఎక్కించారు. డాలర్లేవీ?"

"డాలర్లతో ఏం పనమ్మా? బ్యాంకులో పడేది రూపాయలేగా!"

ఆ అమ్మాయి స్క్రీన్ మీవైపు తిప్పింది. బిల్లు 12,000 డాలర్లు. బిల్లు రోజున రేటు 84. అమ్మకం 10,08,000 రూపాయలు. ఇక ఈ అంకె కదలదు. తర్వాత రేటు ఎటు పోయినా రాయి అమ్మిన ధర ఇదే.

కొన్న పార్టీవాళ్లు ఫిబ్రవరిలో 5,000 డాలర్లు పంపారు. దారిలో బ్యాంకులు 25 కోసుకున్నాయి. మిగిలిన 4,975, రేటు 85 చొప్పున, 4,22,875 రూపాయలై ఖాతాలో పడ్డాయి. యజమాని ఆ మొత్తాన్నే జమ రాసి ఊరుకున్నాడు. అలా రాస్తే పార్టీ ఇంకా ఎన్ని డాలర్లు బాకీయో పుస్తకం చెప్పదు. అమ్మాయి దాన్ని విడదీసింది: పార్టీ ఖాతాలో పూర్తిగా 5,000 డాలర్లు జమ, బ్యాంకు ఖర్చు 2,125, రేటు తేడా లాభం 5,000 రూపాయలు.

బాకీ 7,000 డాలర్లు. పుస్తకంలో 5,88,000. ఈరోజు రేటు 85.50. అకౌంటింగ్ స్టాండర్డ్ 11 ప్రకారం రావలసిన డాలరు బాకీని ఏడాది చివర ఆనాటి రేటుకి తిరగరాయాలి. 5,98,500 అయింది. ఇంకో 10,500 లాభం.

"రాని డబ్బుకి లాభమేంటమ్మా? దానికీ పన్నా?"

"లెక్కలోకి వస్తుంది బాబాయ్. మేలో 85.20కి వచ్చిందనుకోండి, అప్పుడు 84తో పోల్చం, 85.50తోనే పోలుస్తాం. 2,100 నష్టం రాయాలి."

ఆయన గడ్డం నిమురుకుంటూ అసలు సంగతి బయటపెట్టాడు. వచ్చే కంటైనర్‌కి రెండు శాతం తగ్గించమని వాళ్లు అడుగుతున్నారట. ఈ ఏడు బాగానే మిగిలింది గదా, ఇద్దామనుకున్నాడు.

అమ్మాయి రేటు తేడా ఖాతా ఒక్కటే తెరిచింది. 15,500. ఇది రాయి సంపాదించింది కాదు. రేటు పడితే పోతుంది. శనివారం ఇచ్చే కూలి మాత్రం రూపాయల్లోనే, ఏ రేటుకీ తగ్గదు. చిన్న వ్యాపారంలో రాయి లాభాన్నీ రేటు లాభాన్నీ ఒకే అంకెలో కలిపేయడం కంటే పెద్ద చేటు లేదని నా గట్టి నమ్మకం. అలా కలిపి చూసి ధర తగ్గిస్తే ఆ భారం చివరికి ఉలి పట్టినవాడి మీదే పడుతుంది.

"రెండు శాతమంటే ఈ బిల్లు మీద 240 డాలర్లు. 84 లెక్కన 20,160 రూపాయలు. మీకు రేటు తెచ్చిన దానికంటే ఎక్కువ."

ఆయన ఫోన్ తీశాడు. "పాత ధరకే పంపుతామని రాయమ్మా, ఇంగ్లీషులో నువ్వే రాయి."