మిరియం నుంచి మిరక్కాయి దాకా: మన వలసకు ఒక సాక్ష్యం

తమిళనాట మన తెలుగిళ్ళల్లో ఒక కథ చెప్పుకుంటారు. పెద్దోళ్ళు సొంతూరు విడిచి దక్షిణానికి వచ్చేటప్పుడు ఆడవాళ్ళు చీర కొంగులో మిరప విత్తనాలు ముడేసుకొని వచ్చినారని. మాది కోవిల్‌పట్టి పక్క కరిసల్ సీమ, అంటే నల్లరేగడి భూమి. మా అవ్వ కూడా ఇదే చెప్పేది. కథ బాగానే వుండాది, లెక్క మాత్రం కుదరదు.

మిరప పుట్టిల్లు అమెరికా ఖండం. వాస్కో డ గామా కోళిక్కోడు చేరింది 1498లో, పోర్చుగీసువాళ్ళు గోవా పట్టింది 1510లో. మిరప మన దేశానికి వచ్చింది వాళ్ళ ఓడల్లోనే. మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలైంది 1529 ప్రాంతంలో. ఆ దండుతోనో అంతకు ముందో వచ్చినోళ్ళ కొంగులో మిరప విత్తనం వుండే వీలు చాలా తక్కువ. 1503లో పోయిన అన్నమయ్య మిరపకాయ రుచి చూసి వుండడు.

అప్పుడు కూరలో ఘాటు దేనిది? మిరియాలు, పిప్పళ్ళు, అల్లం. ఇప్పటికీ జలుబు చేస్తే మిరియాల చారే కదా మనకు దిక్కు. కొత్త కాయ వచ్చినాక, ఎవరికి వాళ్ళు పాత మిరియం పేరునే దానికి తగిలించినారు. తమిళంలో మిళగు, మిళగాయ్. కన్నడంలో మెణసు, మెణసినకాయి. మరాఠీలో మిరే, మిరచీ. మనకు మిరియం, మిరపకాయ. నిజానికి ఈ రెండిటికీ చుట్టరికమే లేదు. మిరియం తీగ మొక్క. మిరప వంకాయ, టమాటా, పొగాకుల కుటుంబం.

ఒడియాలో మాత్రం దీన్ని లంకా అంటారు. బరంపురం, పర్లాకిమిడి తెలుగోళ్ళు సంతలో వినే మాట అదే. గోదావరి వాళ్ళు లంక అంటే ఏటి నడుమ భూమి, లంక పొగాకు అనుకుంటారు. మాట ఒకటే, అర్థం వేరు.

ఇక నా అసలు వాదం. మిరియం మాట నుంచి కొత్త కాయకు పేరు పెట్టడం ఎక్కడైనా జరగొచ్చు. కానీ ‘మిరప’లో వుండే ఆ ‘ప’ తమిళంలో లేదు, కన్నడంలో లేదు. మా ఇంట్లో పచ్చికాయను మిరక్కాయి అంటాం, నిదానంగా పలికితే మిరపకాయే. చెట్టును మిరపచెట్టు అనే అంటాం. ఆంధ్రలో వుండే మాటే మా నోట్లోనూ వుండాది. మిరప రాకముందే మేము పూర్తిగా విడిపోయి వుంటే, తమిళం నుంచి మిళగాయ్ తీసుకొని వుండేవాళ్ళం. అంటే వలస ఒక్క విడతలో అయిపోలేదు. తర్వాత కూడా మనుషులు వచ్చినారు, లేదంటే పెళ్ళిళ్ళు, బేరాలు, తిరుపతి యాత్రలతో రాకపోకలు సాగినాయి. కొంగు ముడి కథ అబద్ధం అనను. తర్వాత వచ్చిన వాళ్ళ కథ ముందు వచ్చిన వాళ్ళకు అంటుకొని వుంటుందని నా లెక్క. అందుకే మిరక్కాయిని చెడిపోయిన తెలుగు అనేవాళ్ళతో నాకు పేచీ. అది మన చరిత్రకు సాక్ష్యం.

సీమను బట్టి కాయ కూడా మారింది. రామనాథపురం ముండు గుండ్రంగా వుంటుంది, వానాధారంగా పండుతుంది, 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హావేరి జిల్లా బ్యాడగి ముడతలు పడి వుంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. దానికి 2011లోనే ఆ గుర్తింపు దక్కింది.

తీపి మిరప అదే జాతి. ఘాటు పుట్టించే జన్యువు దాంట్లో పనిచేయదు, అంతే తేడా. తమిళంలో కుడైమిళగాయ్, అంటే గొడుగు మిరప. కన్నడంలో దొణ్ణె మెణసినకాయి, దొన్నె లాగుంటుందని. మరాఠీలో ఢోబళీ మిరచీ, అంటే బొద్దు మిరప. ఆంధ్రలో బుట్టమిరప, బుంగమిరప అనేవాళ్ళు వుండారు. మన ఇళ్ళల్లో పిల్లలకు క్యాప్సికం ఒక్కటే తెలుసు. హోసూరు, బెంగళూరు చుట్టూ పాలీహౌసుల్లో అంత పండుతున్నా మన నోట్లో దానికి సొంత పేరు నిలవలేదు.

పెరట్లో రెండూ వేసేవాళ్ళకు ఒక మాట. నారు పోసి, 40-45 రోజులకు నాటండి. నీళ్ళు నిలవనీయొద్దు. రాత్రి వేడి ఎక్కువైతే తీపి మిరప పూత రాలుస్తుంది, అందుకే దానికి చలికాలం మేలు. పక్కన కారపు చెట్టు వుంటే తీపి కాయ ఘాటెక్కుతుందని భయపడతారు. ఆ ఏడు కాయకు ఏమీ కాదు. కానీ దాని విత్తనం దాచి మళ్ళీ వేస్తే ఘాటు రావొచ్చు, ఎందుకంటే కలిసినప్పుడు ఘాటుదే పైచేయి. విత్తనం దాచుకోవాలంటే రెండిటినీ దూరంగా వేయండి.

ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ గారి ఇంటిమాట తెలుగు, రాసింది తమిళంలో. మన వలసను ‘గోపల్ల గ్రామం’ నవలగా రాసినారు, కరిసల్ సీమ మాటలకు నిఘంటువు కూర్చినారు. మన ఇంటి తెలుగుకూ అట్లాంటి పని కావాల. అవ్వలు వుండగానే అడగండి: పచ్చికాయను, ఎండుకాయను, పండుకాయను, పొడిని, మజ్జిగలో వూరేసి ఎండబెట్టిన దాన్ని ఏమంటారో. వూరి పేరుతో సహా, పలికినది పలికినట్టే రాసి పెట్టండి.