ఎర్రదీపం కింద ఎక్స్‌పోజర్

పెద్ద ప్లేటు కెమెరాల కాలం గురించి మనవాళ్లు రాసిన వ్యాసాలు ఏవి తిరగేసినా ఒకటే కథ. మొదట్లో అంతా ఉజ్జాయింపు. ఫోటోగ్రాఫరు ఆకాశం కేసి చూసి, లెన్సు మూత తీసి, మనసులో ఒకటీ రెండూ మూడూ అనుకుని మళ్లీ మూత పెట్టేవాడు. తర్వాత లైట్ మీటరు వచ్చింది, దాంతో శాస్త్రం వచ్చింది. ఈ కథలోని తేదీలతో నాకు పేచీ లేదు. కొలత మీటరుతోనే పుట్టిందనీ, అంతకుముందున్నదంతా చేతివాటమేననీ అనడంతోనే పేచీ. పుంగనూరు, మదనపల్లె, కుప్పం వంటి ఊళ్ల పాత ఇళ్లలో గోడకు వేలాడే పటాల్లో తెల్ల పంచె మడతలూ కనిపిస్తాయి, నల్లటి ముఖంలో కంటి కింద ముడతా కనిపిస్తుంది. ఆ రెండూ ఒకే నెగటివ్‌లో ఇమడడం ఊరికే జరిగే పని కాదు.

తొలి దశలు తెలిసినవే. 1851లో ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతి, 1856లో మద్రాసు ఫోటోగ్రాఫిక్ సొసైటీ, 1857-58లో లినేయస్ ట్రైప్ పెద్ద కాగితపు నెగటివ్‌లతో దక్షిణాది గుళ్లను తీయడం, ఆకాశం వెలవెలబోయిన చోట నెగటివ్ మీద మబ్బులు చేత్తో దిద్దడం, 1868 ఆగస్టు 18న గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణాన్ని టెనెంట్ బృందం ఫోటోలు తీయడం, ఆపైన హైదరాబాదులో రాజా దీన్‌దయాళ్ వైభవం. ఇందులో నాకు పనికొచ్చేది ఒక్కటే. తడి పలకను తీసిన చోటే, ఆరిపోకముందే డెవలప్ చేయాలి. ఎక్స్‌పోజర్ తప్పితే నిమిషాల్లో తెలుస్తుంది, ఇంకో పలక వేసుకోవచ్చు. గ్రహణానికి ఆ వెసులుబాటు లేదు గానీ, గుడికీ మనిషికీ ఉంది. వెలుగును కొలిచే పరికరం ఆ పలకే.

1871లో మాడక్స్ జెలటిన్ పొడి పలకను ప్రతిపాదించాడు. 1880లలో అవి ఫ్యాక్టరీల్లో తయారై పెట్టెల్లో రాసాగాయి. పలకను ఇంటికి తీసుకెళ్లి ఎప్పుడో డెవలప్ చేసుకోవచ్చు కాబట్టి తప్పు కూడా అప్పుడే తెలుస్తుంది. ముందే అంచనా కట్టే అవసరం అలా పుట్టింది. 1890లో హర్టర్, డ్రిఫీల్డ్ అనే ఇద్దరు ఇంగ్లండులో వెలుగుకూ నెగటివ్ నలుపుకూ ఉన్న సంబంధాన్ని గీత గీసి చూపారు. అదే ఏడు ఆల్ఫ్రెడ్ వాట్కిన్స్ మీటరు వచ్చింది. అందులో చిన్న కాగితం ముక్క ఎండకు నల్లబడి పక్కనున్న రంగుతో కలవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూసి ఎక్స్‌పోజర్ లెక్కకట్టాలి. ఈ వాట్కిన్సే తర్వాత ఇంగ్లండు పొలాల్లో ప్రాచీన సరళరేఖా మార్గాలు ఉన్నాయని వాదించి పురావస్తు శాస్త్రజ్ఞుల చేత చీవాట్లు తిన్నాడు. మీటరు మాత్రం బాగానే పనిచేసేది.

మరి ఆ మీటర్లు, ఏ నెలలో ఎంత ఎక్స్‌పోజర్ ఇవ్వాలో చెప్పే ఇంగ్లీషు పట్టికలు మన ఊళ్లలో ఎందుకు పాతుకోలేదు? ఖరీదు, ఇంగ్లీషు రాకపోవడం అని జవాబు చెబుతారు. కాదనను. కానీ వాటికంటే ముందు చూడాల్సింది సూర్యుణ్ణి. లండన్‌లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు జూన్‌లో దిగంతానికి 62 డిగ్రీల ఎత్తున ఉంటే, డిసెంబరులో 15 డిగ్రీలకు దిగిపోతాడు. చదునైన నేల మీద పడే నేరు ఎండ, ఆ కోణాల లెక్కనే, మూడు రెట్లకు పైగా మారుతుంది. నెలకో గడి ఉన్న పట్టిక అక్కడ అవసరమే. పుంగనూరు సుమారు 13.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ డిసెంబరు మధ్యాహ్నం కూడా సూర్యుడు 53 డిగ్రీల కంటే దిగడు. ఏప్రిల్ చివరి వారంలో ఒకసారి, ఆగస్టు మూడో వారంలో ఒకసారి నడినెత్తికి వస్తాడు. అదే లెక్కన ఏడాది మొత్తం మీద తేడా పాతిక శాతం, అంటే స్టాపులో మూడో వంతు (వెలుగు రెట్టింపయితే ఒక స్టాపు). ఆ మాత్రం తేడాను ఏ పలకైనా తట్టుకుంటుంది. ఎండకు ఒక అంకె, నీడకు ఒక అంకె, మబ్బుకు ఒక అంకె గుర్తుంటే పట్టిక దేనికి?

ఇది మధ్యాహ్నపు లెక్క అని ఒప్పుకోవాలి. ముఖాలకు నప్పే వెలుగు ఉదయం, సాయంత్రం దొరుకుతుంది. పొద్దు వాలేటప్పుడు మన దగ్గర వెలుగు ఇంగ్లండులో కంటే తొందరగా పడిపోతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. స్టూడియోకు ఉత్తరపు వైపు అద్దాల కప్పు పెడితే రోజంతా నిలకడైన వెలుగు వస్తుందని ఇంగ్లీషు పుస్తకాలు చెప్పేవి. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు నడిమి దాకా మన మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరం వైపే ఉంటాడు. తెరలు లాగడం, దించడం తెలియనివాడికి ఆ కప్పు కింద పని జరగదు. ఆ తెర లాగే చెయ్యి కూడా వెలుగును కొలుస్తున్నట్టే.

నా అసలు వాదన డార్క్‌రూములో ఉంది. పాత పలకలకు ఎరుపు కనబడదు. మొదటివి నీలానికే స్పందించేవి. 1873లో వోగెల్ రంగుల ప్రయోగాల తర్వాత వచ్చిన ఆర్థోక్రొమాటిక్ పలకలు ఆకుపచ్చను కూడా పట్టేవి, ఎరుపును మాత్రం పట్టేవి కావు. అందుకే ఎర్రదీపం కింద ట్రేలో పలక ఆడిస్తూ, బొమ్మ తేలడాన్ని కళ్లారా చూస్తూ డెవలప్ చేయగలిగారు. ముఖం తొందరగా నల్లబడుతోందంటే వెలుగు ఎక్కువైందని, బయటికి తీసేస్తారు. నీడలు రావడం లేదంటే ఇంకాసేపు ఉంచుతారు. కెమెరా దగ్గర వేసిన అంచనాకు ట్రేలో రెండో తీర్పు ఉండేది. పనిలో చేరిన కుర్రాడు వెలుగును చదవడం నేర్చుకున్నది కూడా, నా ఉద్దేశంలో, కెమెరా వెనుక నల్లగుడ్డ కింద కంటే ఈ ఎర్రదీపం కిందే ఎక్కువ. పొద్దున తాను మూత తీసి ఎంతసేపు ఉంచాడో గుర్తు, సాయంత్రం దాని ఫలితం కళ్ల ముందు.

వేడి దీనికి తోడైంది. డెవలపర్ 20 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర ఉంటే ఇన్ని నిమిషాలు అని పుస్తకం చెబుతుంది. వేసవిలో మన కుళాయి నీళ్లకు ఆ మాట తెలియదు. జెలటిన్ ఉబ్బుతుంది, అంచులు లేస్తాయి, రసాయనం పరుగు తీస్తుంది. పటిక, ఐసు, తెల్లవారుజామున పని అన్నీ దీని కోసమే. రోజుకో వేడిమి ఉన్న చోట గడియారం కంటే కన్నే నమ్మకమైనది.

పౌడరు డబ్బా సంగతి కూడా ఇక్కడిదే. స్టూడియోలో అద్దం, దువ్వెన, పౌడరు పెట్టడం గురించి సరదాగా రాసినవారే ఎక్కువ. ఎరుపు కనబడని పలక మీద గోధుమరంగు చర్మం ఉన్నదానికంటే నల్లగా పడుతుంది, తెల్లచొక్కా మెరిసిపోతుంది. పౌడరు ముఖాన్ని చొక్కాకు దగ్గర చేస్తుంది. సోకు లేదని కాదు, తెల్లదనం మీద మోజు అసలే లేదని కాదు. కానీ ఆ డబ్బా ఎక్స్‌పోజర్ సామగ్రిలో ఒక భాగం. దగ్గరి ముఖం తీయడానికి కెమెరా మడతల తిత్తిని, అంటే బెలోస్‌ను, సాగదీస్తే వెలుగు తగ్గడం ఇంకో లెక్క. 300 మిల్లీమీటర్ల లెన్సును 450 దాకా జరిపితే రెండుంబావు రెట్లు ఎక్కువ సమయం ఇవ్వాలి. చేతి మీటరు ఏదీ దీన్ని తనంతట తాను చెప్పదు.

ఈ వాదనకు అడ్డొచ్చేవి రెండున్నాయి. ఒకటి, హర్టర్-డ్రిఫీల్డులే డెవలపింగుతో ఎక్స్‌పోజర్ తప్పును దిద్దగలమన్న నమ్మకాన్ని ఖండించారు. పలక మీద పడని వెలుగును ఏ ట్రే తెచ్చిపెట్టదు. నిజమే. అందుకే అనుభవజ్ఞులు ఎప్పుడూ కాస్త ఎక్కువ వైపే తప్పేవారు, మిగిలినది రీటచింగ్ పెన్సిలు చూసుకునేది. రెండోది ఇంకా గట్టిది. మనకు మిగిలినవి బాగా వచ్చిన పలకలే. చెడినవాటి పొర గీకేసి గాజును వేరే పనులకు వాడుకున్నారు. కాబట్టి పాతవాళ్లంతా సిద్ధహస్తులని ఈ పటాలను బట్టి తేల్చలేం. వారి దగ్గర ఒక పద్ధతి ఉండేదని మాత్రం చెప్పగలం.

ఆ పద్ధతిని దెబ్బతీసింది మీటరు కాదు, ఎరుపును కూడా చూసే పాంక్రొమాటిక్ ఫిల్ము. 1906లో రాటెన్ అండ్ వెయిన్‌రైట్ పలకలతో మొదలై అది మెల్లగా అన్నిచోట్లా వ్యాపించింది. దానికి ఎర్రదీపం పనికిరాదు, కటిక చీకటే. బొమ్మ తేలడం కనబడదు కాబట్టి రెండో తీర్పు పోయింది, బరువంతా కెమెరా దగ్గరి అంకె మీద పడింది. సెలీనియం ఘటంతో పనిచేసే వెస్టన్ మీటరు 1932లో వచ్చింది. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా ఆ ఏడాదిదే. ఫిల్ము మీదే శబ్దం ముద్రించడం మొదలయ్యాక సినిమా ల్యాబులు డెవలపింగును కచ్చితమైన కొలతలకు బిగించక తప్పలేదు. ‘మాయాబజార్’ (1957) వెన్నెలను మెచ్చుకునేటప్పుడు ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ కంటినే పొగుడుతాం. ఆ వెనుక నిలకడగా నడిచే ల్యాబు ఉండాలన్న సంగతి మరిచిపోతాం.

మన ప్రాంతం విషయానికొస్తే, పెద్ద షీటు ఫిల్మును లెక్క ప్రకారం ఎక్స్‌పోజ్ చేసిన చోటు ఏ స్టూడియో అయి ఉండదని నా ఊహ, మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం అయి ఉంటుంది. 1915లో క్షయ వైద్యశాలగా మొదలైంది అది. 1950-55 మధ్య చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద పెద్ద అధ్యయనం నడిపింది. ఛాతీ ఎక్స్‌రేకు కిలోవోల్టులు, మిల్లీ ఆంపియర్లు, సెకన్లు ముందే నిర్ణయించాలి. విచిత్రం ఏమిటంటే, ఎక్స్‌రే పాఠ్యపుస్తకాలు కూడా ఎర్రదీపం కింద చూసి డెవలప్ చేసే అలవాటును దశాబ్దాల పాటు తిడుతూ వచ్చాయి. తిట్టాల్సి వచ్చిందంటే ఆ అలవాటు అంత బలంగా ఉందన్నమాట.

ఇప్పుడు పెద్ద కెమెరా పట్టేవాళ్లు కొద్దిమందే. వారిలో చాలామంది 1939-40లో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన జోన్ సిస్టంతో, అంటే నలుపు నుంచి తెలుపు దాకా వెలుగును అంకెల మెట్లుగా విడదీసే పద్ధతితో, మొదలుపెడతారు. మంచి పద్ధతే. కాని ఆడమ్స్ పుస్తకం ఎండలో తెల్లవారి చర్మాన్ని ఆరో జోనులో పెట్టమంటుంది. ఆ అంకెను అలాగే పట్టుకుని పడమటి చిత్తూరు రైతు ముఖాన్ని తీస్తే ఎండకు వెలిసిన గోడలా వస్తుంది. నల్లటి చర్మానికి ఐదో జోను అని అదే పుస్తకంలో ఉంది, చదివినవారు తక్కువ. అంకెల మీద భక్తి ఉన్నవారు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. 1960లో ఫిల్ము వేగాన్ని కొలిచే ప్రమాణం మార్చి, భద్రత కోసం కలిపిన అదనాన్ని తీసేసినప్పుడు, ట్రై-ఎక్స్ ఫిల్ము వేగం 200 నుంచి 400 అయింది. ఫిల్ము మారలేదు. ఆడమ్స్ తన ప్రసిద్ధమైన ‘మూన్‌రైజ్’ను 1941లో తీసింది మీటరు చేతికి దొరకనప్పుడు, చంద్రుడి వెలుగు విలువ గుర్తుండబట్టి.

ఫోను ఆప్‌తో వెలుగు కొలిచి, ఫిల్మును ఎక్కడో ల్యాబుకు పంపి, స్కాన్ తెప్పించుకునేవారి మీద నాకున్న అభ్యంతరం పరికరం గురించి కాదు. నెగటివ్‌ను చేత్తో పట్టుకుని వెలుగుకు చూసే దశ వారి పాఠంలో లేదు. ఈమధ్య కొందరు ఖరీదు భరించలేక ఎక్స్‌రే ఫిల్ము కోసుకుని వాడుతున్నారు. వారే పాత దారికి దగ్గరగా ఉన్నారు. చాలా రకాలకు ఎరుపు కనబడదు, ఎర్రదీపం కింద చూస్తూ డెవలప్ చేయవచ్చు. రెండు వైపులా పూత ఉండటంతో గీతలు తేలిగ్గా పడతాయి, అది వేరే బాధ. ఆ పెట్టె మీద ఫోటో తీసేవాడికి పనికొచ్చే ఐఎస్‌ఓ అంకె ఉండదు. పొద్దుటి ఎండకు ఒకటి, సాయంత్రపు ఎర్రటి వెలుగుకు దానికంటే తక్కువది పెట్టుకోవాలి, రెండూ ఎవరి ట్రేలో వారు తేల్చుకోవలసినవే.