తొమ్మిది సెకన్ల జీవితం: క్రిస్టర్ స్ట్రోమ్‌హోమ్ పునరావలోకన ప్రదర్శన – చారిత్రక పరిశీలన

ఒక కళాకారుని జీవితకాలపు కృషిని ఒకేచోట వరుసగా చూపే ప్రదర్శనను ఆంగ్లంలో రెట్రాస్పెక్టివ్ అంటారు. తెలుగులో 'పునరావలోకన ప్రదర్శన' అన్న మాట దానికి కొంతమేరకు సరిపోతుంది. కొంతమేరకే అనడానికి కారణముంది. అవలోకనం చూపుకు సంబంధించినది. ఇటువంటి ప్రదర్శన చూపుతో ఆగదు. ఏది ఆరంభం, ఏది పరిణతి, ఏది కేంద్రం, ఏది పక్కదారి అన్న నిర్ణయాలు కూడా చేస్తుంది. ఆ అర్థంలో అది గోడమీద రాసిన చరిత్ర. స్వీడన్ ఛాయాచిత్రకారుడు క్రిస్టర్ స్ట్రోమ్‌హోమ్ (1918-2002) విషయంలో ఈ చరిత్రరచన ఎలా సాగింది, అందులో ఎవరి జీవితం ముందుగా చోటు చేసుకుంది, ఎవరిది ఆలస్యంగా చేరింది అన్నవి ఇక్కడ పరిశీలనాంశాలు.

1986లో స్టాక్‌హోమ్‌లోని ఆధునిక కళల సంగ్రహాలయం మోడెర్నా మ్యూసేట్ స్ట్రోమ్‌హోమ్ కృషిని సమగ్రంగా ప్రదర్శించింది. అప్పటికి ఆయన డెబ్బయ్యేళ్లకు చేరువలో ఉన్నాడు. ప్రదర్శనకు పెట్టిన పేరు 'నా జీవితంలోని 9 సెకన్లు'. ఈ పేరు వెనుక ఒక లెక్క ఉంది. ఒక్కో చిత్రం తీయడానికి కెమెరా షట్టర్ తెరుచుకొని ఉండేది సెకనులో చిన్న భాగం మాత్రమే. సెకనులో 125వ వంతు చొప్పున లెక్కిస్తే 9 సెకన్లలో 1,125 చిత్రాలు ఇముడుతాయి. రాత్రివేళ మసక వెలుతురులో అవసరమయ్యే 30వ వంతు చొప్పున చూస్తే 270 మాత్రమే. దశాబ్దాల వృత్తిజీవితం గోడమీదికి వచ్చేసరికి తొమ్మిది సెకన్లయింది. పేరులో వినయం స్పష్టంగానే ఉంది. అయితే 'నా జీవితంలోని' అన్న మాట దగ్గర ఒక ప్రశ్న మిగులుతుంది. కెమెరాకు ఎదురుగా నిలిచినవారికి కూడా గడిచినవి అవే సెకన్లు. అవి ఎవరి జీవితంలోనివి?

స్ట్రోమ్‌హోమ్ తొలి జీవితాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. తండ్రి సైనికాధికారి, కుమారుడు కౌమారంలో ఉండగానే ఆత్మహత్య చేసుకున్నాడు. మృత్యుచ్ఛాయ ఆయన చిత్రాలలో పదేపదే కనిపించడానికి విమర్శకులు సాధారణంగా ఈ ఘటననే మూలంగా చూపుతారు. అది పూర్తిగా కాదనలేనిదే అయినా, ఒక్క ఘటనతో యావత్ కృషికీ తాళం తీయాలనుకోవడం జీవితచరిత్రల పాత అలవాటు. చిత్రలేఖనం నేర్చుకొని, యుద్ధానంతరం పారిస్ చేరిన స్ట్రోమ్‌హోమ్, 1950 ప్రాంతంలో జర్మనీకి చెందిన ఒట్టో స్టైనెర్ట్ ప్రభృతుల 'ఫోటోఫార్మ్' బృందంతో కలిసి పనిచేశాడు. అప్పుడు 'క్రిస్టర్ క్రిస్టియన్' అన్న మారుపేరు వాడాడు. నలుపుతెలుపుల నిర్మాణం, రూపపు బిగువు ఆ బృందం నుండి వచ్చినవి. మనుషులు తరువాత వచ్చారు.

వచ్చిన చోటు పారిస్‌లోని ప్లాస్ బ్లాంష్. మూలాన్ రూజ్ నృత్యశాల ఉన్న కూడలి అది. 1950ల చివర స్ట్రోమ్‌హోమ్ అక్కడ మకాం పెట్టి, సుమారు దశాబ్దకాలం వస్తూపోతూ, అక్కడి ట్రాన్స్ మహిళలను చిత్రించాడు. వారిలో కొందరు కాబరేలలో పనిచేసేవారు. పలువురు వ్యభిచారం ద్వారా బతుకుతూ శస్త్రచికిత్సకు డబ్బు కూడబెట్టుకునేవారు. ఆ చికిత్స కోసం ఆ రోజులలో చాలామంది మొరాకోలోని కాసాబ్లాంకాకు వెళ్లవలసి వచ్చేది. ద గాల్ కాలపు పారిస్‌లో, కార్నివాల్ రోజులలో తప్ప తక్కిన సమయంలో 'స్త్రీవేషం ధరించిన పురుషులు' అన్న అభియోగంతో పోలీసులు వారిని పట్టుకుపోయేవారు. పండుగనాడు వేడుక, మరునాడు నేరం!

స్ట్రోమ్‌హోమ్ వారుండే హోటళ్లలోనే ఉన్నాడు. వారి దినచర్య రాత్రి మొదలయ్యేది గనుక ఆయన పని కూడా రాత్రులలోనే సాగింది. ఫ్లాష్ వాడలేదు. వీధిదీపం, నియాన్ బోర్డు, హోటల్ గదిలోని బల్బు ఇచ్చినంత వెలుగుతోనే సరిపెట్టుకున్నాడు. ఈ సాంకేతిక నిర్ణయానికి నైతిక పార్శ్వం కూడా ఉంది. ఫ్లాష్ వెలుగు చీకట్లో ఉన్నవారిని ఒక్కసారిగా బట్టబయలు చేస్తుంది. పోలీసు టార్చికీ, సంచలన పత్రికల ఛాయాగ్రాహకుని పరికరానికీ ఆ లక్షణం సమానం. ఉన్న వెలుగుతో తీసే చిత్రానికి ఎదుటివారు కదలకుండా నిలబడాలి, అంటే అంగీకరించాలి. ఈ చిత్రాలలోని స్త్రీలు చాలావరకు కెమెరాను నేరుగా చూస్తారు. దొరికిపోయిన చూపు కాదది, తెలిసినవానిని చూసే చూపు. ఇవి తన జీవితాన్నీ అస్తిత్వాన్నీ తానే ఎంచుకునే స్వేచ్ఛకు సంబంధించిన చిత్రాలని స్ట్రోమ్‌హోమ్ స్వయంగా వివరించాడు.

స్వదేశంలో వెంటనే ఆదరణ దక్కలేదు. 1965లో స్టాక్‌హోమ్‌లోని ఎన్.కె. అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌లో ఆయన ప్రదర్శన జరిగింది. పేరు 'నా స్మృత్యర్థం'. దానికి దక్కింది ఎక్కువగా విమర్శే. నలభయ్యేడేళ్ల మనిషి తనకు తానే స్మారకం కట్టుకోవడంలో కొంత వ్యంగ్యం, కొంత సవాలు ఉన్నాయి. 1967లో వెలువడిన 'పోస్ట్ రెస్టాంట్' పుస్తకం పేరు కూడా గమనింపదగినదే. చిరునామా లేని ప్రయాణికుని కోసం తపాలా కార్యాలయంలో ఉత్తరాలు నిలిపి ఉంచే పద్ధతికి ఆ పేరు. ఎవరో వచ్చి తీసుకునేదాకా ఉత్తరం అక్కడే ఉంటుంది. ఈ చిత్రాల గతి కూడా చాలాకాలం అలాగే ఉంది.

ఈలోగా ఆయన ప్రభావం గ్యాలరీలకన్నా తరగతిగది ద్వారా వ్యాపించింది. 1962 నుండి 1974 వరకు స్టాక్‌హోమ్‌లో ఆయన నడిపిన ఫోటోస్కూలన్‌లో సుమారు 1,200 మంది చదువుకున్నారు. వారిలో ఒకడైన అండర్స్ పీటర్సన్ 1967 నుండి హాంబుర్గ్‌లోని 'కఫే లేమిట్జ్' అనే మద్యశాలకు వచ్చేవారిని చిత్రించాడు. 1970లో తన తొలి ప్రదర్శనను ఆ మద్యశాలలోనే, బార్‌పైన గోడకు సుమారు 350 చిత్రాలు కొట్టి ఏర్పాటు చేశాడు. తమ బొమ్మను గుర్తుపట్టినవారు దానిని తీసుకుపోవచ్చు. ప్రేక్షకులు, చిత్రితులు ఒకరే. ప్రదర్శన ముగిసేకొద్దీ గోడ ఖాళీ అవుతుంది. గురువు 1986లో పొందిన గౌరవం ఇందుకు సరిగ్గా వ్యతిరేకం: ఏ చిత్రమూ గోడను విడిచి పోదు. పునరావలోకన ప్రదర్శన కూడగడుతుంది. శిష్యుని ప్రదర్శన పంచిపెట్టింది.

1983లో ప్లాస్ బ్లాంష్ చిత్రాలు స్వీడిష్‌లో పుస్తకంగా వచ్చాయి. శీర్షికకు 'ప్లాస్ బ్లాంష్ స్నేహితులు' అని అర్థం. స్వీడిష్‌లో ఆ 'స్నేహితులు' అన్న మాటకు లింగభేదం లేదు. ఫ్రెంచిలో మాత్రం 'అమీ' అన్న మాట పుంలింగంలోనూ స్త్రీలింగంలోనూ ఒకేలా వినిపించినా, రాతలో ఒక అక్షరం తేడా ఉంటుంది. ఆ అక్షరం చేర్చి స్త్రీలింగంలోనే శీర్షిక పెట్టారు. తెలుగులోనైతే 'స్నేహితులు' అని తప్పించుకోవచ్చు, 'వారు' అని బహువచనంలో దాటవేయవచ్చు. ఒక్కరిని గురించి ఒక్క వాక్యం రాయగానే 'నిలబడ్డాడు', 'నిలబడింది' అన్న క్రియ దగ్గర రచయిత పక్షం తేలిపోతుంది. ఈ చిత్రాలపై తెలుగులో రాసేవారు 'స్నేహితురాళ్లు' అనడమే సమంజసం.

ఇదే ప్రశ్న ప్రదర్శనలోని చిత్రశీర్షికలకు కూడా వర్తిస్తుంది. 'నానా', 'జాకీ', 'సబ్రీనా', 'జీనా' అంటూ ఒక పేరు, ఒక స్థలం, ఒక సంవత్సరం. ఇంటిపేరు లేదు, జననమరణ సంవత్సరాలు లేవు. ఛాయాచిత్రకారునికి 'వృత్తిజీవితం' ఉంది. వారికి ఆ ఒక్క సంవత్సరమే ఉంది. ఈ అసమానత నిజమైనదే, కాని దానిని ఒకవైపు నుండే చూడటం చాలదు. ఫ్రాన్స్‌లో ట్రాన్స్ వ్యక్తులు అధికారిక పత్రాలలో పేరు, లింగం మార్చుకోవడం దీర్ఘకాలం దుర్లభంగా ఉండేది. 1992లో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం ఈ విషయంలో ఫ్రాన్స్‌ను తప్పుపట్టిన తరువాతే అక్కడి అత్యున్నత న్యాయస్థానం తన వైఖరి మార్చుకుంది. అంటే 1986లో స్టాక్‌హోమ్ సంగ్రహాలయపు గోడమీద ముద్రితమైన స్త్రీనామాలు, ప్రభుత్వం గుర్తించడానికి నిరాకరిస్తూ వచ్చిన కోవకు చెందినవి. కొన్ని అంగుళాల శీర్షికాపత్రం ఆ మేరకు ప్రభుత్వ దస్తావేజుకన్నా ముందుంది.

స్ట్రోమ్‌హోమ్‌కు 1997లో హాసెల్‌బ్లాడ్ పురస్కారం లభించింది. మరణించిన దశాబ్దానికి, 2012లో, న్యూయార్క్‌లోని అంతర్జాతీయ ఛాయాచిత్ర కేంద్రం ప్లాస్ బ్లాంష్ చిత్రాలను ప్రత్యేకంగా ప్రదర్శించింది. 1986నాటి కూర్పులో ఒక జీవితానికి భాగంగా ఉన్నవి ఇక్కడ స్వతంత్రంగా నిలిచాయి. ఆ సమయానికే 1983నాటి పుస్తకం కొత్త కూర్పుగా వెలువడింది. అందులో స్ట్రోమ్‌హోమ్ మాటలతోపాటు జాకీ, నానా రాసిన పాఠాలు కూడా ఉన్నాయి. 1960ల చిత్రాలలో కెమెరా వైపు చూస్తూ నిలబడిన స్త్రీలు వారు.