గాలితో చల్లారు యంత్రము

మోటారు యంత్రపు వేడిని రేడియేటరులోని నీరే మోసికొనిపోవునని మన మెరుగుదుము. జర్మనీ దేశపు పోర్షె 911 కారునకు మాత్రము ఈ నీటి ప్రసక్తియే లేకుండెను. 1964లో తయారీ ఆరంభమైన ఆ కారులో ఆరు సిలిండర్ల యంత్రముపై బెల్టుతో తిరుగు పదునొకండు రెక్కల పంకా గాలిని నెట్టెడిది. గాలితో చల్లారు 911 తయారీ 1998తో ముగిసెను.

అయినను పంకాయే సర్వస్వము కాదు. సిలిండర్ల వేడిని గాలి తీసికొనును గాని, పిస్టన్ల వేడిని, బేరింగుల వేడిని చాలవరకు మోయునది నూనెయే. యంత్రమును మార్చి అమర్చువారు తరచుగా మరచున దిదియే.

1969లో వచ్చిన 914 కారులో యంత్రము సీట్ల వెనుక నుండును. సామాన్య రకమునకు ఫోక్స్‌వాగన్ వారి నాలుగు సిలిండర్ల యంత్రము. 914/6 రకమునకు 911 జాతి యంత్రము. ఈ రెండవది 1972తో ఆగిపోగా, ఔత్సాహికులు మొదటి రకపు బండ్లలోనే ఆరు సిలిండర్ల యంత్రమును దింపసాగిరి. వారికి పంకా యెంపిక చిక్కు ప్రశ్న. 1976, 1977 సంవత్సరముల 2.7 లీటర్ల యంత్రములకు అయిదు రెక్కల పంకా యుండెను. మెగ్నీషియపు పెట్టెగల ఆ యంత్రములు వేడికి పేరుపడినవి. బిగింపు బోల్టులు ఊడి వచ్చెడివి. కావున పదునొకండు రెక్కలదే మేలని మా అభిప్రాయము.

నూనె కూలరు మాటకు వచ్చినచో, 1970 లెమాన్స్ పందెమున ఆరవ స్థానము పొందిన 914/6 జీటీ కారే మార్గదర్శి. దాని కూలరు కారు ముందు భాగమున, ఎదురుగాలి తగులుచోట నుండెను. పొడవైన గొట్టములకు ఖర్చగును, నిజమే.

ఖర్చులేనిది మరొకటి కలదు: యంత్రము చుట్టును బిగించు రేకులు. వాని అంచులందలి రబ్బరు పట్టీ చినిగినచో, క్రిందికి పోయిన వేడిగాలిని పంకా తిరిగి పైకి పీల్చుకొనును.